పదకొండు గంటల నిద్ర

ఊళ్లో సగం మంది గడియారాలు ఒక్కసారైనా ఆయన చేతిలో ప్రాణం పోసుకున్నవే. కంటికెప్పుడూ అద్దం తగిలించుకుని ఉంటాడు కాబట్టి అందరికీ ఆయన భూతద్దం. ఆ పిలుపుకి ఏనాడూ కోపం తెచ్చుకోలేదు. కోపం వచ్చింది అరవై ఎనిమిదో ఏట, ఒక రబ్బరు పట్టీ మీద.

వాళ్లక్కకు అల్జీమర్స్ వచ్చింది. చివరి రోజుల్లో తోడబుట్టినవాణ్ణి పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అంది. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఆ జబ్బుకూ నిద్రకూ ఉన్న సంబంధం మీద ఆస్పత్రిలో పరిశోధన జరుగుతోందని తెలిసి తనే వెళ్లి పేరిచ్చాడు. రక్తం తీశారు. ఎడమ చేతికి పట్టీ కట్టి రెండు వారాలు విప్పొద్దన్నారు. చెయ్యి కదలకపోతే నిద్ర అని రాసుకుంటుందది.

లెక్క వచ్చింది. రోజుకు పదకొండు గంటలు.

"మరీ అంత నిద్ర కూడా మంచి సూచన కాదండీ," అంది డాక్టరమ్మ.

కూతురికి ఆ మాట చాలు. "నాన్నా, పగలు కూడా బల్ల దగ్గర తూగుతున్నావన్నమాట! రేపు ఎవరి గడియారమో ఎవరికో ఇస్తావు. కొట్టు మూసెయ్." ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కొట్టు అద్దెకిస్తానని ఎవరికో మాట కూడా ఇచ్చేసింది.

భూతద్దానికి ఒళ్లు మండిపోయింది. నలభై మూడేళ్లు కూర్చున్న బల్ల అది. "తూగేవాడి చేతిలో వెంట్రుకంత స్ప్రింగు నిలుస్తుందటే?" అని అరిచి, మర్నాడు పొద్దున్నే పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని ఆస్పత్రికి నడిచాడు. డాక్టరమ్మ బల్ల మీద గుడ్డ పరిచి, పట్టీ మళ్లీ ఎడమ చేతికి కట్టించుకుని, ఆమె గడియారమే అడిగి విప్పాడు. మోచెయ్యి ఆనించి, ఎడమచేత్తో దాన్ని రవ్వంత కూడా కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో చక్రం తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. ముప్పావు గంట పట్టింది. పట్టీని కంప్యూటరుకు తగిలించి చూస్తే ఆ ముప్పావు గంటా గాఢనిద్రేనట.

డాక్టరమ్మకు నవ్వాగలేదు. కొట్లో కూర్చున్న గంటలు తీసేసి మళ్లీ లెక్క వేసింది. ఈసారి నవ్వలేదు. మిగిలింది నాలుగున్నర గంటలు.

"నిద్ర తక్కువైనవాళ్ల మెదడులో ఈ జబ్బు గుర్తులు, అమిలాయిడ్ అనే ప్రొటీను లాంటివి, ఎక్కువ కనిపించాయని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. నిద్ర చాలక అవి పేరుకుంటాయో, అవి పేరుకోవడం వల్లే నిద్ర చెడుతుందో ఇంకా తేలలేదు. మీ రక్తంలోనూ అలాంటి గుర్తు ఒకటి కాస్త ఎక్కువే ఉందండీ. అంతమాత్రాన జబ్బు వస్తుందని చెప్పలేను."

భూతద్దానికి భయం వేసింది. నిజంగానే వేసింది. అక్క మొహం కళ్ల ముందు కదిలింది. అయినా గడియారం మూత గట్టిగా నొక్కి ఆమె చేతికిచ్చాడు.

"పడుకుంటానమ్మా, మీరు చెప్పినన్ని గంటలూ పడుకుంటా. కొట్టు మాత్రం మూయను." కూతురి వైపు తిరిగాడు. "ఎవరి గడియారమో ఎవరికో ఇచ్చిన రోజు నువ్వే వచ్చి తాళం వెయ్యి. అందాకా నువ్వు అద్దెకిస్తానని మాటిచ్చినవాణ్ణి నా గుమ్మం తొక్కనివ్వను."

కూతురు మర్నాడు కొట్టుకొచ్చి, ఆగిపోయిన తన గడియారం చేతి నుంచి తీసి బల్ల మీద పెట్టింది. ఏ గడియారానికైనా చీటీ కట్టి పేరు రాయడం ఆయన అలవాటు. దీనికీ కట్టి పేరు రాశాడు. దాని కింద, ఇంకెవరి చీటీ మీదా రాయనిది, "నా కూతురు" అని రాశాడు.

అది చదివి ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏడుపెందుకే? బుధవారం రా, ఇస్తాను," అన్నాడు.