గ్రావెల్ కోసం వచ్చాం

మావారు బ్యాంకులో పనిచేస్తారు. నేను సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇద్దరికీ యాభై దాటింది, ఇద్దరికీ ఒకే నెలలో షుగరు బయటపడింది. డాక్టరుగారు రోజూ నడవమన్నారు. నేను నడవడం మొదలుపెట్టాను. మావారు నడక మీద వీడియోలు చూడటం మొదలుపెట్టారు. ఆ వీడియోలు నడక నుంచి పరుగుకి, పరుగు నుంచి సైకిలుకి మారి, చివరికి పొగమంచు పట్టిన దేవదారు అడవిలో ఎవరో తెల్లవాళ్ళు కంకర దారి మీద తొక్కుకుంటూ పోయే దగ్గర ఆగిపోయాయి.

"దీన్ని గ్రావెల్ బైకింగ్ అంటారు. ట్రాఫిక్ ఉండదు. కొండలు, అడవి, కంకర దారి, మనం. అంతే" అన్నారు ఒకరోజు.

"మనకి కొండలూ అడవులూ ఎక్కడివండీ? ఎటు చూసినా పత్తీ మిరపాయె."

"వెతకందే ఎట్లా దొరుకుతాయి?" అని ఫోను పట్టుకుని కూర్చున్నారు.

దారి దొరక్కముందే రెండు సైకిళ్ళు వచ్చేశాయి. హ్యాండిళ్ళు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉన్నాయి. స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు. ఇవేవీ లేకపోవడమే వాటి గొప్పతనమట. వాటితోపాటు ఒంటికి అంటుకుపోయే నిక్కరు ఒకటి వచ్చింది. అది వేసుకుని ఆయన హాల్లోకి వచ్చిన రోజు నేను ఒక్కమాటే అన్నాను, "పైన ప్యాంటు వేసుకోండి."

నిజానికి నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మా నాన్న సైకిలు మీదే బడికి వెళ్ళాను. మొదట్లో సీటు అందక, బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. మావారు టౌన్లో పుట్టి, రిక్షాలో బడికి వెళ్ళి, యాభై రెండో ఏట సైకిలు నేర్చుకున్నారు. నాకు వచ్చా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

నెల్లాళ్ళు వెతికి ఒక కొండ చుట్టూ తిరిగే గీత ఒకటి ఫోను మ్యాపులో పట్టుకున్నారు. ఆ దారిలో ఒక్క బండి కూడా తిరగదట. చిక్కల్లా అక్కడికి చేరడంలోనే వచ్చింది. ఫిబ్రవరి నెల. మెయిన్ రోడ్డు నిండా గుంటూరు యార్డుకి మిరపకాయలు మోసుకుపోయే లారీలే. అందుకని ఆదివారం పొద్దున్నే ట్రక్కు ఆటో మాట్లాడి, సైకిళ్ళు దాంట్లోకెక్కించి బయల్దేరాం.

"రిపేరుకా సార్?" అన్నాడు ఆటో అతను.

"కాదయ్యా. కొండ దగ్గర తొక్కడానికి."

"ఇక్కడ తొక్కకూడదా?"

"ఇక్కడ ట్రాఫిక్ ఎక్కువ."

ఆటో అతను అద్దంలోకి చూశాడు. మా వెనక లారీ అదేపనిగా హారన్ కొడుతోంది. "ఇప్పుడు వాడికి ట్రాఫిక్కు మనమే కదండీ" అన్నాడు.

అయితే ఆ దారి బాగుందన్న మాట ఒప్పుకోవాలి. ఎర్రటి కంకర దారి, వెడల్పుగా, చదునుగా ఉంది. పక్కన సీతాఫలం పొదలు, తుమ్మచెట్లు, వాటి పైన కొండ. కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా ఇద్దరం తుమ్ముతున్నాం. మనుషుల అలికిడే లేదు.

"ఎవరు వేశారో గానీ, మహానుభావుడు!" అన్నారు మావారు. ఆ మాట అంటూ కంకరలో జారి పడ్డారు. రెండోసారి సీతాఫలం పొదలో పడ్డారు గనుక దెబ్బ తగల్లేదు.

కొండ కింద ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆగాం. భుజాన తువ్వాలేసుకున్న ఒక పొడుగాటి రైతు మా హెల్మెట్ల వంక చూసి, "ఎవరండీ మీరు? ఏం పనిమీద వచ్చారు?" అని అడిగాడు.

మావారు గర్వంగా చెప్పారు. "గ్రావెల్ కోసం వచ్చామండీ."

టీ కొట్టు అతను గ్లాసు కడగడం ఆపేశాడు. పొడుగాయన వెనక్కి తిరిగి, "ఒరేయ్, విన్నారా? గ్రావెల్ కోసం వచ్చారంట!" అని కేకేశాడు. రెండు నిమిషాల్లో కల్లాల్లోంచి మనుషులు వచ్చేశారు. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ముక్కులకు కట్టుకున్న గుడ్డలతోనే వచ్చి మా చుట్టూ నిలబడ్డారు.

అది ఉత్సాహం అనుకున్నారు మావారు. "ఇక్కడ గ్రావెల్ చాలా బాగుందండీ. జిల్లా మొత్తం వెతికాను, ఇలాంటిది లేదు. మా ఫ్రెండ్సందరికీ చెబుతాను. వచ్చేవారం పదిమందిమి వస్తాం."

నాకు అప్పుడు వెలిగింది. మా వైపు గ్రావెల్ అంటే ఒకటే అర్థం. కొండను తవ్వి టిప్పర్లలో పోసుకుని అమ్మేది. ఆయన చెయ్యి గిల్లాను. ఆయన ఫోను తీసి కొండ ఎత్తు, వాలు, చుట్టూ తిరిగే గీత అన్నీ వాళ్ళకి చూపిస్తున్నారు.

"సర్వే కూడా అయిపోయిందిరోయ్!" అన్నారెవరో.

ఒకావిడ ముక్కు గుడ్డ లాగి ముందుకొచ్చింది. "అటు సగం తినేశారు. మిగిలింది కూడా పట్టుకుపోతారా? ఆ దుమ్ము పడి మా కాయ ఎవుడూ కొనట్లేదు."

"అమ్మా, మేం తవ్వేవాళ్ళం కాదు. నేను పంతులమ్మని. ఈయన బ్యాంకు ఉద్యోగి. సైకిలు తొక్కడానికి వచ్చాం" అన్నాను.

"సైకిలు తొక్కడానికి ఇంత దూరమా? మీ ఊళ్ళో రోడ్లు లేవా?"

నేను మావారి వంక చూశాను.

పొడుగాయన మా సైకిళ్ళని పైనుంచి కిందికి చూశాడు. "సరే. తొక్కేవాళ్ళే అయితే కొండమీద సిలువ దాకా తొక్కి రండి. అప్పుడు నమ్ముతాం."

పైన తెల్లటి సిలువ కనిపిస్తోంది. మావారు దాన్ని చూశారు, గీసుకుపోయిన మోకాలు చూసుకున్నారు, నన్ను చూశారు. "ఆవిడ తొక్కుతుంది" అన్నారు.

ఆయన్ని పూచీగా నులక మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చక్కెర వద్దని చెప్పే ధైర్యం లేక తాగేశారట.

నేను చున్నీ నడుముకి బిగించి, సైకిలెక్కి, సిలువ దాకా పోయే కంకర బాట పట్టాను. మొదటి మలుపులో ఊపిరి అందలేదు. రెండో మలుపులో కాళ్ళకి పాత సంగతి గుర్తొచ్చింది. కంకర మీద బ్రేకు ఎక్కడ పట్టకూడదో, బరువు ఎటు వాల్చాలో అవే చూసుకున్నాయి. కింద ఆడవాళ్ళు ఏదో అరుస్తున్నారు. తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో తెలియలేదు గానీ నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎన్నేళ్ళయిందో అలా ఒంటరిగా నవ్వుకుని.

సిలువ దగ్గర దిగి అవతలికి చూశాను. అవతల కొండ లేదు. కత్తితో కోసినట్టు సగానికి తెగి ఉంది. అంచున చెట్ల వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. అడుగున ఎర్రటి గొయ్యి, దాంట్లో మట్టి తవ్వే ప్రొక్లెయినర్ ఒకటి. ఆ గోతిలోంచే మేం వచ్చిన దారి బయల్దేరింది. దాన్ని అంత చదును చేసింది టిప్పర్లు. వాటికి ఆదివారం సెలవు. మావారి ఫోను కనిపెట్టిన ట్రాఫిక్ లేని దారి కథ ఇదీ.

కిందికి దిగాక పొడుగాయన మంచినీళ్ళిచ్చాడు.

"చూశారా?"

"చూశాను."

పొడుగాయన ఖాళీ గ్లాసు అందుకున్నాడు. తర్వాత మావారి వైపు తిరిగి, "సార్, దాంట్లో కొండ కొలతలు వస్తాయన్నారుగా. నెలనెలా ఎంత తరిగిందో చెబుతుందా?" అని అడిగాడు.

మావారి ఫోనులోని గీతల గురించి అప్పటిదాకా ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు. "ఫోనుకు తెలియకపోతే మనమే తిరిగి కొలుద్దామండీ!" అని లేచి నిలబడ్డారు.

అప్పట్నుంచీ నెలకో ఆదివారం వెళ్తున్నాం. ఆయన మిగిలిన కొండ చుట్టూ పడుతూ లేస్తూ తిరిగి లెక్క రాస్తారు. తవ్వకం ఆపించమని నేను అర్జీ రాస్తాను. ఊరివాళ్ళు సంతకాలు పెడతారు. గనుల శాఖ ఆఫీసులో అధికారి మర్యాదస్తుడు. అర్జీ తీసుకుని, "ఆదివారాలు వ్యాయామం చేస్తున్నారన్నమాట. చాలా మంచి అలవాటండీ" అన్నాడు.

మూడో అర్జీ తర్వాత పొడుగాయన ఫోన్ చేశాడు. "మేడం, జవాబొచ్చింది. వచ్చి చూసుకోండి."

వెళ్ళాం. దారి మొదట్లో కొత్త బోర్డు పాతారు. రంగు ఇంకా ఆరలేదు. 'ప్రమాదకర ప్రాంతము. టిప్పర్లు తిరుగును. సైకిళ్ళకు ప్రవేశము లేదు.'

మావారు దాన్ని రెండుసార్లు చదివారు. వచ్చే అర్జీకి జతచేయడానికి ఫొటో తీశారు. ముప్ఫై ఏళ్ళుగా రూలు తప్పని మనిషి, దిగులుగా నా వంక చూశారు. "ఇప్పుడెలా?"

"ప్రవేశం లేనిది సైకిళ్ళకే కదండీ, మనుషులకి కాదుగా" అన్నాను.

ఇద్దరం దిగి, సైకిళ్ళని భుజాన ఎత్తుకుని, బోర్డు దాటాక దించి ఎక్కాం. కల్లంలో ఆడవాళ్ళు ముక్కు గుడ్డలు తీసేసి మరీ నవ్వారు.