అత్తగారి వేరు కాపురం

కోడలొచ్చి ఇల్లు విడగొట్టిందనే మాట ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. మా ఇంట్లో వేరు కాపురం కావాలన్నది మా అత్తగారు. అది కాగితాల్లో ఉంటే చాలు, కానీ ఎవరైనా చూడ్డానికొస్తే నిజంగా కనిపించాలి.

కారణం నా ఉద్యోగమే. ఆవిడ ఫిషింగ్ హార్బర్ దగ్గర ముప్పై ఏళ్లు చేపలమ్మి, మోకాళ్లు అరిగిపోయి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. వార్డు సచివాలయంలో నాకు సంక్షేమం చూసే ఉద్యోగం వచ్చిందని వీధంతా తిరిగి మైసూర్‌పాక్ పంచింది కూడా ఆవిడే. రెండు నెలలు తిరక్కుండానే, ఇంట్లో సర్కారు జీతం ఉంది కాబట్టి వితంతు పింఛను ఆపేస్తామని కబురొచ్చింది. ఆడవాళ్లు ఉద్యోగాలు చెయ్యాలని ప్రభుత్వమే అంటుంది, చేస్తే అత్తగార్ల మీద పడుతుంది!

పింఛను పోతే ఆవిడకి తిండికేమీ లోటుండదు. కానీ వక్కపొడి కావాలన్నా కొడుకు ముందు చెయ్యి చాపాలి. జన్మలో ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషి ఆవిడ.

వేరే పొయ్యి ఉంటే వేరే కుటుంబం కింద లెక్క, పింఛను ఆగదు. అందుకని మా ఆయన పెరటిగదిలో రెండో స్టవ్ పెట్టాడు. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాను. 'మిమ్మల్నెవరు చూసుకుంటున్నారు?' అని రోజూ ఇంటింటికీ వెళ్లి అడిగేది నేనే కదా, ఏ జవాబుకి పింఛను వస్తుందో నాకు కంఠతా వచ్చు. కంచే చేను మేయడమంటే ఇదే, ఒప్పుకుంటాను. మా అత్తగారికి మాత్రం పాఠం ఎక్కలేదు. కోడలు చూడదని చెప్పమంటే, కోడలు బంగారమని చెప్పేది. బంగారమైతే పింఛను రాదత్తా అని ఎన్నిసార్లు కసురుకున్నానో!

తనిఖీకి వేరే వార్డు నుంచి ఓ అమ్మాయి వచ్చింది. ఆ వేళకి నేను ఇంట్లో ఉండకూడదు. కానీ ఈవిడ ఏం కొంప ముంచుతుందోనన్న భయంతో పెరటివైపు తలుపు వెనక నక్కాను. ఆ అమ్మాయి స్టవ్ చూసింది, గిన్నెలు చూసింది, తర్వాత ఆ ప్రశ్నే అడిగింది.  ఇక బంగారం బయటికొస్తుందని నేను తలుపు సందులోంచి తొంగి చూశాను.

"కోడలు సెడ్డది కాదమ్మా," అంది మా అత్తగారు. "పొద్దున్నే ఎలిపోద్ది, సీకటడ్డాక వత్తాది. ఊర్లో ముసిలోళ్లందర్నీ ఎలాగున్నారని అడుగుద్ది. ఇంటికొచ్చీసరికి మాటలైపోతాయి. అది నా పక్కన కూకోని ఓ ముద్ద తిని ఎన్నాళ్లయిందో నాకే గేపకం నేదు."

ఆ అమ్మాయి ట్యాబ్‌లో ఏదో నొక్కి, ఆవిడ వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయింది.

నేను పెరటిగదిలోకి వెళ్లాను. నేను నేర్పింది ఇది కాదు కదా, ఇంత బాగా కల్పించడం ఎప్పుడు నేర్చావత్తా అని నవ్వుతూనే అడిగాను. ఆవిడ నవ్వలేదు.

"కల్పించడమేటి? నువ్వు సెప్పమన్నది నాకు నోరు తిరగనేదు. అందుకే ఉన్నది సెప్పీసినాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

పింఛను ఆగలేదు. మా అత్తగారు అన్నివిధాలా అర్హురాలని ప్రభుత్వం తేల్చింది.