చేతుల మీదుగా దాటిపోయిన జంపఖానా

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా కుర్ర పాస్టరు నా పక్కన కూర్చుని దిగులుగా అడిగాడు. "అమ్మా, అందరు ఫోన్లనే ప్రార్థనకు కూడుతున్నరు. మళ్ల ఇండ్లల్ల కూడాల్నంటె ఏం జెయ్యాలె?" "ఒక పగ ఉండాలె బిడ్డా" అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. సండే స్కూలు పిల్లలకు ఇన్నేళ్లు క్షమాపణ గురించి చెప్పినదాన్నే. అయినా మా అమ్మ తీర్చుకున్న పగ గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో బెల్లం కరుగుతున్నట్టుంటుంది.

ఎనభైల చివర్లో మేం రామన్నపేటలో ఉండేవాళ్లం. నాయిన దవాఖానలో పోయాక అమ్మా నేనూ ఒక సాయిబుల ఇంట్లో అర్ర కిరాయికి తీసుకున్నాం. ఇంటామెను ఖాలా అని పిలిచేవాళ్లం. మా సంఘంలో శనివారం సాయంత్రాలు ఒక్కొక్కరి ఇంట్లో కూడిక జరిగేది. నేల మీద పరవడానికి సంఘానికి ఎర్ర చారల జంపఖానా ఒకటి ఉండేది. కూడిక ముగియగానే సంఘ పెద్ద దాన్ని చుట్టి, వచ్చే వారం ఎవరింట్లోనో వాళ్ల చేతుల్లో పెట్టేవాడు. ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం. జంపఖానా చంకన పెట్టుకున్న ఆడమనిషి నడకే వేరు. ఇల్లు పక్క సందులోనే ఉన్నా బజారు మీదుగా చుట్టుదారిన పోయేది. అమ్మకు ఆ నడక కావాలి. నాయిన పోయినప్పటి నుంచి ఏడుపు తప్ప ఏమీ వినని మా అర్ర గోడలకు ఒక్కసారి పాట వినిపించాలి.

మా వంతు వచ్చిన శనివారం అమ్మ చేతులు చాపింది. పెద్దయ్య ఆ చేతుల మీదుగా జంపఖానాను దాటించి వెనకామెకు ఇచ్చాడు. "సాయిబుల ఇంట్ల ప్రార్థన ఎట్ల, చెల్లె? జాగా మంచిగుండాలె గద" అన్నాడు. అమ్మ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

ఇంటికొచ్చి చెబితే ఖాలా బియ్యంలో రాళ్లు ఏరడం ఆపేసింది. "నా జాగకు ఏమైందంట? పొద్దుమాపు ఊడుస్త! ఆయన ఇంట్ల చాయ్ పోస్తరా?"

"పోస్తరు. ఒట్టి నీళ్లు" అంది అమ్మ.

"అయితె మనం పాలు పోద్దాం."

ఆ రాత్రి అమ్మ మోకాళ్ల మీద పడి దేవుడికి గట్టిగానే ఫిర్యాదు చేసింది. ఆ మరుసటి శనివారం, సరిగ్గా పెద్దయ్య కూడిక వేళకే, ఖాలా వాకిట్లో చాపలు పరిచాం. అల్లం చాయ్, ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు. కంజీర నేను కొట్టాను. మొదట వచ్చింది మగ్గం నేసే అత్త ఒక్కతే. పెద్దయ్య ప్రార్థన ఎత్తుకుంటే చాయ్ చల్లారిపోతుందని ఆమెకెప్పటినుంచో కోపం. తర్వాత ఆమె వెంట తోడికోడలు వచ్చింది. రానివాళ్ల గడప ముందు మర్నాడు పొద్దున్నే అమ్మ నిలబడేది. "ఏమే, మోకాలు నొస్తాందా? నూనె తెచ్చిన" అనేది. పగ పట్టిన మనిషికి ఎంత ఓపికో! ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరి మగ్గం ఆగిందో అన్నీ అమ్మకే ముందు తెలిసేవి. వరికోతల నాటికి పెద్దయ్య కూడికలో ఆయనా, ఆయన భార్యా, ఆ జంపఖానా మిగిలారు.

ఒక శనివారం జంపఖానా భుజాన వేసుకుని ఆయనే వచ్చాడు. పాట ఆగిపోయింది. "గిది కింద పరువు, చెల్లె" అన్నాడు.

"ప్రార్థన మీరే చెయ్యాలె పెద్దయ్యా. గీ జాగలనే" అంది అమ్మ.

ఆయన మోకరించాడు. అందరూ కళ్లు మూసుకున్నారు, అమ్మ మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు కాబట్టి చెబుతున్నాను. నాయిన పేరు ఎత్తి ఆయన ప్రార్థించినప్పుడు అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక కరిగిపోయిందనుకున్నాను. ముగిశాక అమ్మ జంపఖానా చుట్టింది. పెద్దయ్య చేతులు చాపాడు. ఆ చేతుల మీదుగా దాటించి మగ్గం అత్తకు ఇచ్చింది. "మీ ఇంట్ల జాగా జర మంచిగ చేసుకోండ్రి. సూద్దాం" అంది పెద్దయ్యతో. ఖాలా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన మానలేదు. వారం వారం అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేవాడు, చివర్లో చేతులు చాపేవాడు, జంపఖానా దాటిపోయేది. చాయ్‌లో చక్కెర తక్కువైందని ఖాలాతో కొట్లాడేంత దగ్గరివాడయ్యాడు. చింతపండు కొట్టే రోజులొచ్చాక, ఒకనాడు అమ్మ దాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. పెద్దయ్య చంకన పెట్టుకుని బజారు మీదుగా, చుట్టుదారిన ఇంటికి పోయాడు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. కాలం అన్నిటినీ చల్లారుస్తుందని నేనూ చాలామందికి చెప్పాను. ఈ ఒక్క పగ మాత్రం దానికి చిక్కకుండా, ఖాలా చాయ్‌లా ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.