పరీక్షకు నా ఫోనే దొరికింది

మా మనవరాలు లావణ్య ఫోన్లకు యాప్‌లు తయారు చేయడం నేర్చుకుంటోంది. అందుకని రెండు రోజులుగా నా ఫోన్‌ను తన కంప్యూటర్‌కు తగిలించి పెట్టింది. ఏదో ఫైలు లేదని కంప్యూటర్ ఒకటే ఎర్రక్షరాలు చూపిస్తోంది. భివండిలో ఉన్న మా చెల్లె మాట్లాడి పంపినవన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. అవి పోతాయేమోనని నాకు అన్నం సయించలేదు. అయినా మనవరాలి పని కావాలని వర్గల్ సరస్వతమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను.

ఈ రోజు మధ్యాహ్నం తప్పు దొరికింది. స్నేహితురాలి దగ్గర్నుంచి ఒక్క ఫైలే తెచ్చుకుని, దానితో ఉండాల్సిన మిగతావి అక్కడే వదిలేసిందట. అన్నీ తెచ్చి ఒకచోట పెట్టగానే కంప్యూటర్ నా ఫోన్‌ను గుర్తుపట్టింది. చెల్లె మాటలు కూడా భద్రంగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని అడిగాను.

"నీ కొత్త ఫోన్ ఉండంగ నాదెందుకు పెట్టినవే?"

"నాది ఖరాబైతే ఎట్ల అమ్మమ్మా? నా ఫొటోలన్నీ దాంట్లనే ఉన్నయ్."

"మరి నాదాంట్ల?"

"నీదాంట్ల ఏమున్నయ్? పొద్దుపొద్దున వచ్చే పూల బొమ్మలేనాయె!"

మొక్కు మాత్రం తీర్చాల్సిందే. ఆ ప్రసాదం దానికి పెట్టాలా వద్దా, మీరే చెప్పండి.