చేదు బీరువా

యుద్ధం రోజుల్లో మా వీధికి గడియారంతో పని లేకపోయింది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే ఇంటింటా చలిజ్వరం ఒకేసారి లేచేది. అటూ ఇటూ నులకమంచాలు టకటకమంటూ వణికేవి. ఆ అదురుకి బెల్లం బజారులో కాటాలు తూకం తప్పేవంటే నమ్మండి. నమ్మకపోతే మానండి గాని, మా ఎదురింటాయన మంచం వణికి వణికి గుమ్మం దాటి వీధిలోకి వచ్చి ఆగింది, ఆయనతో సహా.

అంతకుముందు దొరసానుల ఆసుపత్రిలో ఆ జ్వరానికి క్వినైను ఊరికే ఇచ్చేవారు. దొరల సీమలో ఎవరో చందాలు వేసుకుని పంపే డబ్బు అది. యుద్ధంతో వాళ్లకే గడవక డబ్బు ఆగింది, మందు ఆగింది, దొరసానులు ఓడెక్కారు. మిగిలింది కాంపౌండరూ, ఖాళీ మందుల బీరువా.

ఏళ్ల తరబడి క్వినైను పొడి ఒలికి బీరువా చెక్కంతా చేదెక్కిపోయింది. ఎవరు కనిపెట్టారో గాని, జనం ఆ చెక్కని చెక్కుకుపోయి కషాయం కాచుకోసాగారు. చూసినప్పుడల్లా బీరువా రోగిలా మరికాస్త చిక్కిపోయి కనబడేది. తలుపులు పోయాయి. అరలు పోయాయి.

నన్ను పెంచిన మేనత్తకి జ్వరం ముదిరి నేను ఆసుపత్రికి వెళ్లేసరికి బీరువాకి ఒక్క కాలే మిగిలింది. బీరువా ఆనించిన గోడని జనం నాకుతున్నారు. వరసగా, కళ్లు మూసుకుని.

"అట్టుకుపో బావా," అన్నాడు కాంపౌండరు. "రేపు నన్ను సెక్కుతారు. ఇన్నేళ్లూ ఆ మందు కలిపిన సేతులివి."

నవ్వాడు గాని, చేతులు చంకల్లో దాచుకున్నాడు.

ఆ కాలు మొత్తం కాచి పట్టించాను. అత్త ఓ గుక్క తాగి నా మొహంలోకి చూసింది.

"ఏట్రా ఇది? సేదే నేదు. బడి బెంచీ గాని ఇరగ్గొట్టి తెచ్చేవేట్రా?"

"బీరువాదే అత్తా. కాలు."

"కాలికి మందెవడు పోసేడ్రా, ఎర్రోడా?"

నిజమే. పొడి అంత కిందకి ఎన్నడూ దిగలేదు. నా మొహం చూసి జాలిపడిందో ఏమో, గ్లాసు ఖాళీ చేసి పడుకుంది.

మధ్యాహ్నమైంది. వీధిలో మంచాలన్నీ లేచాయి. అత్త మంచం కదల్లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఊపిరి లేదు.

మా ఇంట్లో మంచం చప్పుడు లేదని కనిపెట్టి ఎదురింటాయన పళ్లు టకటకలాడుతుండగానే కేకేశాడు.

"అత్తకి తగ్గిపోనాదేటి మామా! ఏ ముక్కది?"

"కాలు," అన్నాను.

ఆయన పెళ్లాం కత్తి పుచ్చుకుని ఆసుపత్రి వైపు పరుగెత్తింది. అక్కడ బీరువా లేదు. కాంపౌండరొక్కడే ఉన్నాడు.