అయిదో మానిక

మా ముత్తాత పదకొండు ఊళ్ళకు ముఠాదారు. ఆ ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగా తప్ప పైకి వెళ్ళేది కాదు. ఆయన తండ్రి సంస్థానం ధాన్యపు కొట్లకు అధికారి. గోదావరి దిగువన ఏ ఊళ్ళో కొలత దగ్గర తగువు వచ్చినా తీర్పుకు మా ఇంటికే వచ్చేవారు. మా తాతగారు సావిట్లో కూర్చుని ఉండగా చెప్పులతో మా వీధి దాటినవాళ్ళు లేరు. నేను బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని ఒక హోటల్లో, వైఫై బాగుచేస్తాను.

గదుల తాళాల కార్డులు, బిల్లింగ్ కంప్యూటర్లు కూడా నా పనే. అమెరికా నౌకాదళ స్థావరం నుంచి వచ్చి దిగే అతిథులు ఇంటర్నెట్ ఒక్క నిమిషం ఆగితే ఫోన్ చేసి అరుస్తారు. వాళ్ళకు నా పేరు అక్కర్లేదు. రిసెప్షన్ వాళ్ళు కూడా చీటీ మీద ‘వైఫై’ అని రాసి పంపుతారు. ఎనిమిదేళ్ళుగా నేను ‘వైఫై’ని. ఈ దేశంలో నా పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉన్నది రెండే చోట్ల. ఒకటి సీపీఆర్ అనే ఇక్కడి గుర్తింపు కార్డు మీద. రెండోది, కొలతలు మార్చే ఒక ప్రోగ్రాంలో.

ఆ ప్రోగ్రాం ఎవరి సొత్తూ కాదు. లీటర్లను గ్యాలన్లలోకి, గజాలను మీటర్లలోకి మారుస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. పంపినదాన్ని చూసి, నచ్చితే లోపల కలిపే నిర్వాహకుడు ఒకడున్నాడు. ఏ దేశంవాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా హోటల్ వంటింటి స్టోరు లెక్కలు నడిచేది దాని మీదే. నూనె డబ్బాల దగ్గర ఒక తప్పు వస్తుంటే నేనే వెతికి, కోడ్ దిద్ది పంపాను. తీసుకున్నాడు. ఆ పైన, చదివితే తల నొప్పి పుట్టేలా ఉన్న వాడుక వివరాలు రెండు పేజీలు తిరగరాసి పంపాను. అవీ తీసుకున్నాడు. పంపిన ప్రతిదాని కిందా ఒక వాక్యం ఉండాలని అక్కడ నియమం: పైన రాసినది నాకు తెలిసినంతలో పూర్తిగా నిజమని, దాని కింద పేరు. మా పూర్వులు కాగితం మీద మొహరు వేసినట్టు, నేను ఆ వాక్యం కింద నా పేరు వేశాను. కొందరికి ఇది నవ్వులాట కావచ్చు. నాకు కాదు.

ఆ ప్రోగ్రాంలోనే పాతకాలపు కొలతల పట్టిక ఒకటి కంటపడింది. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. అన్నీ మనవే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఎవరు చేర్చారో తెలియదు. కుంచానికి నాలుగు మానికలు అని రాసి ఉంది.

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో, గాదె గది గుమ్మం పక్కన, ఇత్తడి కుంచం ఉండేది. నడుముకు మూడు కట్లు, వాటి మధ్య మా మొహరు. అక్షరాలు దిద్దకముందే నాయనమ్మ దాని ముందు కూర్చోబెట్టి నాకు లెక్క నేర్పింది. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. నా చేత్తో మానికెడు మానికెడు పోయించి పైకి అనిపించేది: లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదో మానికకు కుంచం అంచు దాకా నిండేది. పదకొండు ఊళ్ళకు కొలత చెప్పిన ఇల్లు మాది. ఆ నాలుగు ఎవడు రాశాడు?

నాలుగు కొట్టేసి అయిదు పెట్టాను. దానికి వివరంగా ఒక పేజీ రాశాను: కుంచం అంటే ఏమిటి, ఎవరు నిర్ణయించేవారు, మా ముత్తాత ఎవరు, ఆయన తండ్రి ఎవరు. అడుగున పేరు వేసి పంపాను.

మర్నాడు నిర్వాహకుడి దగ్గర నుంచి ఒకే మాట వచ్చింది. “మూలం?”

పై పేజీయే మూలమని రాశాను.

“మీ కుటుంబం గురించి చెప్పినందుకు సంతోషం. కానీ అది మూలం కాదు. పుస్తకం కావాలి, లేదా ఆ పాత్ర ఫోటో. కనీసం మీ బంధువు కాని మరో మనిషి సాక్ష్యం.”

“నా మాట చాలదా?”

“చాలదు.”

మా తాతగారితో ఎవరైనా ఆ మాట అని ఉంటే ఏమయ్యేదో ఇక్కడ రాయను. ల్యాప్‌టాప్ మూసేసి హోటల్ అంతా తిరిగాను. ఆ రోజు నా చేత మాటలు పడనివాళ్ళు లేరు.

ఫోటో సంగతి తర్వాత చూడవచ్చు, ముందు సాక్ష్యం పడేద్దామనుకున్నాను. మా వైపు మనిషి హోటల్లో ఒక్కతే ఉంది, లాండ్రీలో. నలభై అయిదేళ్ళుంటాయి. శుక్రవారం తెలుగు ప్రార్థన కూటానికి వెళ్తుంది, మిగతా రోజులు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మా పదకొండు ఊళ్ళలో ఒకటి ఆమెది. ఆ సంగతి తెలిసే నాలుగేళ్ళుగా ఆమెతో పలకరింపు పెట్టుకోలేదు.

పగలు పదకొండు గంటలప్పుడు వెళ్ళాను. ఆవిరితో గదంతా ఉక్కగా ఉంది.

“మన వైపు కుంచానికి మానికలెన్ని?” అని అడిగాను.

దిండు గలేబు మడత పెడుతూనే, “ఎవరి కుంచవండి?” అంది.

“కుంచం కుంచమే. ఎవరిదైతే ఏం?”

“అలాగంటారేటండి బాబుగారూ.” హోటల్లో నన్ను సార్ అంటారు. బాబుగారూ అనడం అదే మొదలు. అందులో మర్యాద లేదు. “మీ ఇంట్లో కుంచాలు రెండు కదండి. పెద్దది మీరు కొలిపించుకోడానికి. దానికి అయిదు. చిన్నది మాకు కొలిచి పొయ్యడానికి. దానికి నాలుగు. అది కూడా తల కొట్టేసేవోరంట, పైన గోపురంలా నిలిచిన గింజలు చేత్తో ఇలా తోసేసి.” గలేబు మీద అరచెయ్యి అడ్డంగా జరిపి చూపించింది.

“నోరు అదుపులో పెట్టుకో.”

“డ్యూటీలో ఉన్నానండి నేను. మీరే వొచ్చి అడిగేరు. పోనీ మా సూపర్‌వైజర్‌కి కంప్లయింట్ ఇవ్వండి. కుంచం దగ్గర గొడవని చెప్పండి, ఆ ఫిలిప్పీన్స్ ఆవిడకి భలే అర్థవవుద్ది.”

“నీకెవరు చెప్పారీ మాట?”

“మా అమ్మమ్మండి. మీ కళ్ళంలోనే నడుం వొంగిపోయింది. కొలిచేవోడు లాభం అని మొదలెట్టేవోడంట. మా అమ్మమ్మ నవ్వేది. ఆళ్ళ లాభం మొదట్లో లేదే పిల్లా, అయిదో మానికలో ఉంది అనేది.” గలేబు దొంతర మీద వేసి నా వైపు చూసింది. “ఖలాసాండి? షీట్లు వొచ్చేత్తన్నాయి.”

పైకి వచ్చి కూర్చుని రాశాను: ‘అదే ప్రాంతానికి చెందిన, నాకు బంధువు కాని ఒక స్త్రీ, అయిదు మానికల కుంచం ఉండేదని చెప్పింది.’ ఇందులో అబద్ధం లేదు. ఆమె ఆ మాట అంది. పంపేముందు కింద మామూలు వాక్యం రావాలి కదా. పూర్తిగా నిజమని. ఆ ‘పూర్తిగా’ దగ్గర ఆగాను. మా ఇంట్లో కోపిష్ఠులు ఉన్నారు, ఆస్తి తగలేసినవాళ్ళు ఉన్నారు. కాగితం మీద తప్పుడు మొహరు వేసినవాడు లేడని విని పెరిగాను. రాసినది తీసేశాను.

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ లాండ్రీకి వెళ్ళాను. “చెప్పు. నువ్వన్నది అన్నట్టే రాస్తాను.”

ఆమె నమ్మలేదు. “మీకేం పనండి దాంతో?”

“కింద నా పేరు ఉంటుంది. అందుకు.”

చెప్పింది. నాలుగు వాక్యాలు. ఇంగ్లీషులోకి మార్చి మళ్ళీ తెలుగులో వినిపించాను. తల కొట్టే సంగతి వదిలేశారని గుర్తుచేసింది. చేర్చాను.

“నా పేరు కూడా పెట్టండి,” అంది. “ఇంటిపేరుతో పెట్టండి. మాకూ ఉందండి ఇంటిపేరు.” అక్షరాలు తప్పు పోకుండా సీపీఆర్ కార్డు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. చూసి రాశాను.

ఆమె మాటల కింద నాది చేర్చాను: ‘ఇది విన్న మాట. నేను కళ్ళారా చూసినవాణ్ణి. మా ఇంట్లో కుంచం ఒక్కటే. ఫోటో పంపుతాను.’ పంపేశాను.

నిర్వాహకుడు గంటలోపు జవాబిచ్చాడు. “ఆవిడ రాసినది చాలా స్పష్టంగా ఉంది, ఆవిడకు నా కృతజ్ఞతలు చెప్పండి. మీ ఫోటో వచ్చేదాకా ఆగుతాను.” నేను పేజీ రాస్తే మూలమేదన్నవాడు, ఆమె నాలుగు వాక్యాలకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ కృతజ్ఞతలు నేను ఆమెకు చేరవేయలేదు.

ఇక మిగిలింది ఫోటో. పంపకాల్లో ఇత్తడి సామానంతా మా చిన్నాన్న వాటాకు పోయింది. ఆయన కొడుకుతో నాకు మాటలు లేక ఆరేళ్ళు. ఫోన్ చేశాను. కుంచానికి ఒక ఫోటో తీసి పంపమన్నాను.

“ఏ కుంచం అన్నయ్యా?”

“మన కుంచం. మొహరున్నది.”

“మొహరు రెండిటికీ ఉందిగా. పెద్దదా, చిన్నదా?”

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“చిన్నది ఎక్కడుండేది?” అన్నాను.

“పెరటి వైపు అరుగు మీద. కూలీలకి అక్కడేగా కొలిచేది. నువ్వు సావిడి దాటి ఎప్పుడొచ్చావులే, నీకేం తెలుస్తుంది.” నవ్వాడు. “అయినా ఇప్పుడు గుర్తొచ్చాయేంటి కుంచాలు? బహ్రెయిన్‌లో వడ్లు పండిస్తున్నారా?”

“ఫోటో తీసి పంపుతావా, పంపవా?”

“ఉంటేగా తియ్యడానికి.”

తర్వాత అతను చెప్పినదంతా విన్నాను. ఫోన్ పెట్టేసి కిందికి వెళ్ళాను. లిఫ్టు దగ్గర ఆమె దుప్పట్ల బండి తోసుకుంటూ ఎదురైంది. “అయ్యిందాండి మీ కుంచం?” అంది. బండికి దారి ఇచ్చి ముందుకు నడిచాను. చెప్పాల్సిన పని లేదు. రాయాల్సినచోట రాస్తే చాలు.

నా అయిదును నేనే వెనక్కి తీసుకున్నాను. నా పేజీ కూడా. ఆమె వాక్యాలు ఆమె పేరుతో అలాగే ఉంచాను. నిర్వాహకుడు ఫోటో అడిగినచోట ఇలా రాసి, కింద ఆ వాక్యమూ నా పేరూ వేశాను: ‘మా ఇంట్లో కుంచాలు రెండు. నేను ఒకటే అన్నది తప్పు. పెద్దది అయిదు మానికలు, చిన్నది నాలుగు. ఫోటో రాదు. రెండు కుంచాలనూ, ఒక గంగాళాన్నీ, మా చిన్నాన్న కొడుకు పాత ఇత్తడి కింద తూకానికి అమ్మేశాడు.’