పీలికల మేస్త్రి

చనిపోయిన రోజు పొద్దున కూడా ఆయన టీ వడగట్టిన పొడిని పారేయలేదు. పాత కాగితం మీద పలచగా పరిచి కిటికీ గట్టున ఎండకు పెట్టాడు. ఎండిన పొడితో మాడిన గిన్నెలు తోమడం ఆయన అలవాటు.

కూతురు చెప్పులేసుకుంటూ, "నాన్నా, పోయాక నిన్ను కూడా ఎండబెట్టి దేనికో ఒకదానికి వాడుకోమంటావేమో!" అంది.

"వాడుకో తల్లీ. ఎముకలు గట్టివే, గొడుగు పుల్లలకి పనికొస్తాయి."

ఆమె నవ్వుకుంటూ పనికి వెళ్ళిపోయింది.

వీధిలో ఆయన్ని పీలికల మేస్త్రి అనేవారు. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, కుక్కర్లు బాగుచేసేవాడు. చదువు అంతంతమాత్రం. మనుషుల పేర్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే రకం. అందుకని సామాను తెచ్చినవాళ్ళని ఇంట్లోంచి ఒక గుడ్డపీలిక కూడా తెమ్మనేవాడు. చిరిగిన చీర అంచు, చంటివాడి చొక్కా ముక్క, దిండు గలీబు, ఏదైనా సరే. దాన్ని సామానుకు ముడేసి అరుగు మీద పెట్టేవాడు. నీలం పూల పీలిక కనిపిస్తే బేకరీ ఆవిడ మిక్సీ, గళ్ళ పీలిక కనిపిస్తే పాలకొట్టు ముసలాయన ఇస్త్రీపెట్టె. అలా ఇన్నేళ్ళలో ఒక్క వస్తువూ చేయి మారలేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే.

ఎదురుగా ఆయన తమ్ముడి దుకాణం. అద్దాల తలుపులు, అట్టపెట్టెల్లో కొత్త సామాను. మేస్త్రి కూతురు బిల్లులు కొట్టేది అక్కడే. "అన్నయ్యా, చచ్చినవాటినల్లా నువ్వు లేపి కూచోబెడితే నేనెవరికి అమ్ముకోను?" అని తమ్ముడు వేళాకోళమాడేవాడు. అందులో వేళాకోళం ఎంతో అక్కసు ఎంతో కూతురికి తెలుసు.

తమ్ముడే వర్తక సంఘానికి పెద్ద. ఆ ఏడు సంఘానికి చెత్తలేని వీధి అనే పిచ్చి పట్టింది. మంచి పిచ్చే. కొట్లవాళ్ళు ప్లాస్టిక్ సంచులు మానేశారు. గుడ్డసంచి తేనివాళ్ళకు కూరగాయలు ఒళ్ళో పోసి పంపారు. బేకరీలో మిగిలిన రొట్టెలు సాయంత్రం ఊరికే పంచారు. ఇంటింటా తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు, గుడ్డలు వేరు, ఇనుము వేరు. బహుమతి కోసం తనిఖీవాళ్ళు వచ్చే రోజున వీధి అద్దంలా ఉండాలని తమ్ముడి హుకుం.

ఆ రోజు మేస్త్రి రాగితీగ కోసం బజారుకు వెళ్ళి వచ్చేసరికి అరుగు తుడిచిపెట్టినట్టుంది. సంఘం మనుషులు సామానంతా బండికెత్తేశారు. "చెత్తనుకున్నాం మేస్త్రిగారూ, పీలికలు వేలాడుతుంటేనూ," అన్నారు.

ఆయన చెత్తయార్డుకు పరిగెత్తాడు. సామాను దొరికింది. కానీ అక్కడివాళ్ళు నియమం తప్పలేదు. పీలికలన్నీ కత్తిరించి గుడ్డల బస్తాల్లో కలిపేశారు, ఇనుము ఇనుములో పడేశారు. మీ వీధివాళ్ళంత బాగా ఎవరూ విడదీయరండీ అని మెచ్చుకున్నారు కూడా.

సామాను తిరిగి అరుగెక్కింది, ఏది ఎవరిదో తెలియకుండా.

"చూస్తే పోల్చుకోలేవా నాన్నా?" అంది కూతురు.

"లోపల జబ్బు చూశాను, పైన గుడ్డ చూశాను. వీటి మొహం ఎప్పుడు చూశానే?" అన్నాడాయన.

కబురు తెలిసి జనం విరుచుకుపడ్డారు. సొట్ట కుక్కరు ఇచ్చినవాడు నిగనిగలాడే కుక్కరు పట్టుకున్నాడు. ఒక మిక్సీని ఇద్దరు తోడికోడళ్ళు చెరో వైపు లాగారు. "ఇంట్లో ఏనాడైనా పచ్చడి నూరిన మొహాలేనా మీవి?" అని పాలకొట్టు ముసలాయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే తనది కాని ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని చక్కా పోయాడు.

అందరికంటే వెనకొచ్చింది దర్జీ పెళ్ళాం.

"నా టేబుల్ ఫ్యానేదీ?"

అప్పటికి ఫ్యాన్లు మిగల్లేదు. "మీ పీలిక ఏ రంగు తల్లీ?" అన్నాడు మేస్త్రి.

"నాకేం తెలుసు? మా ఆయన తెచ్చిచ్చాడు."

ఆయన కళ్ళు మూసుకుని ఎంత వెతుక్కున్నా దర్జీ ఇంటి గుడ్డ గుర్తు రాలేదు. అదే ఆయన్ని పడగొట్టింది. తన మీద తనకే నమ్మకం పోయింది.

"ఏం మేస్త్రీ, నోరు పెగలదే? పాతవి అన్న మింగుతాడు, కొత్తవి తమ్ముడు అమ్ముతాడు. భలే వ్యాపారం పెట్టారు అన్నదమ్ములు! పీలికల మేస్త్రి కాదు, దొంగల మేస్త్రి!"

వీధంతా వింది. తనిఖీవాళ్ళకు చల్లని పానీయాలు అందిస్తున్న తమ్ముడు అద్దాల తలుపు దగ్గరికి వేయించాడు. మేస్త్రి ఇంట్లోకి వెళ్ళి తన గదిలో తిరుగుతున్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఆపి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు పోయింది," అని సణుగుతూ తీసుకుపోయింది.

వీధికి బహుమతి వచ్చింది. మేస్త్రి అరుగు మీదికి మళ్ళీ ఎవరూ ఏమీ తేలేదు. ఎండలు ముదిరాయి. రేకుల కప్పు కింద గది పెనంలా కాలేది. బాబాయిని అడిగి ఒక ఫ్యాను తెస్తానంది కూతురు. "వాడి గాలి నాకొద్దు" అన్నాడు. టీపొడి ఎండబెట్టిన రోజు మధ్యాహ్నం ఆమె అన్నానికి వచ్చేసరికి గోడకు చేరగిలబడి ఉన్నాడు, నెత్తిన వేసుకున్న తడిగుడ్డ ఎండి అట్టకట్టింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. "ఒక్క మాటంటే ఏసీ పెట్టించేవాణ్ణి కదన్నయ్యా!" అని తమ్ముడు అందరూ వినేలా ఏడ్చాడు.

వానలు మొదలయ్యాక కూతురు పాత దుప్పటితో సంచులు కుట్టించడానికి దర్జీ ఇంటికి వెళ్ళింది. దర్జీ పెళ్ళాం ఆప్యాయంగా కుర్చీ వేసింది.

"మీ నాన్న దేవుడమ్మా. అసలు మా ఫ్యాను మీ అరుగు ఎక్కనే లేదు తెలుసా! మా ఆయన దారిలోనే పాత సామాన్ల బండివాడికిచ్చి ప్లాస్టిక్ బకెట్టు తెచ్చాడట. గొడవైన ఆ సాయంత్రమే నాకు చెప్పాడు."

"మరి వచ్చి ఆ మాట మా నాన్నతో అనలేదేం పిన్నీ?"

"నలుగురిలో అన్నేసి మాటలన్నాక మళ్ళీ ఏ మొహం పెట్టుకుని రాను?"

కూతురు గది నాలుగు మూలలా చూసింది. "మా ఫ్యాను?"

"అదీ ఆ బండివాడికే వేశాం," అంది ఆమె. "ఈసారి బకెట్టుకి మూత కూడా ఇచ్చాడు."